‘తర్వాత’కీ ‘వల్ల’కీ మధ్య

1999 ఫిబ్రవరి. ఒక సర్వే సంస్థ తరఫున తెలంగాణ పల్లెలు తిరిగి ఫారాలు నింపడం అప్పట్లో నా పని. ఫారానికి ఇంత అని కూలి. గడిచిన ఏడాదిలో ఆ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలెవరైనా పోయారా, పోతే ఎలా పోయారు అన్నది అడిగి రాయాలి. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని అడిగితే ఆ తల్లి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, “సుక్కలేసిన తెల్లారి జరమొచ్చింది సారూ. నాలుగొద్దులకు పాయె” అంది. తలూపి, ‘కారణం’ అని ఉన్న గడిలో ‘పోలియో చుక్కల వల్ల జ్వరం’ అని రాసుకుని పక్కింటికి వెళ్లిపోయాను.

సాయంత్రం బడి వరండాలో ఫారాలు సరిచూస్తున్న సూపర్‌వైజర్‌ గారి వేలు ఆ గడి దగ్గర ఆగింది.

“ఆవిడ ‘వల్ల’ అందా?”

“చుక్కలేసిన మర్నాడు జ్వరం వచ్చిందంది సార్.”

“అంటే ‘తర్వాత’ అంది. మరి ‘వల్ల’ ఎవరి మాట?”

నేను మాట్లాడలేదు.

“నీది. తీసుకెళ్లి ఆవిడ నోట్లో పెట్టావు. రేపు పొద్దున్నే మళ్లీ వెళ్లిరా.”

మర్నాడు ఏం జరిగిందో తర్వాత చెబుతాను. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట కోసం మూడు కిలోమీటర్లు వెనక్కి నడవాలా అనిపించింది. అలాంటి ఫారాలు వేలకొద్దీ ఒకచోట చేరి పట్టికలవుతాయనీ, పట్టిక పత్రికలో వార్త అవుతుందనీ, ఆ వార్త చదివి ఇంకెక్కడో ఒక తల్లి చుక్కలేయించకుండా తలుపు మూసుకుంటుందనీ అప్పటికి తట్టలేదు. తట్టాక ఆ మాట నన్ను వదల్లేదు.

మనకు ఈ తేడా తెలియదని ఎవరూ అనలేరు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగితే దాన్ని కాకతాళీయం అనుకున్నాం. తన కోడి కూయకపోతే, తన కుంపటి రాజకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను తలుచుకుని తరతరాలుగా నవ్వుతున్నాం. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకురా అని పిల్లల్ని కసురుతాం. గణాంకశాస్త్రం తరగతిలో కోరిలేషన్ అనీ, పాఠ్యపుస్తకంలో సహసంబంధం అనీ చెప్పి, అది కారణం కాదు సుమా అని హెచ్చరించే పాఠం మన వంటింట్లో ఎప్పుడో జరిగిపోయింది.

అయినా ముసలమ్మ కోడిని చూసి నవ్విన మనమే, కొత్త కోడలు గడప తొక్కిన వారానికి గేదె చస్తే ఆమె పాదాల వంక చూశాం. బాణామతి, చేతబడి అనే నెపంతో మన పల్లెల్లో మనుషుల్ని చెట్టుకు కట్టేసి కొట్టారు, పళ్లు రాలగొట్టారు, తగలబెట్టారు. పాత పత్రికలు తిరగేస్తే ప్రతిసారీ దాదాపు ఒకటే సాక్ష్యం: ఫలానా ముసలిది మా వాకిట్లోకి వచ్చి వెళ్లింది, ఆ తర్వాత పిల్లకు జబ్బు చేసింది. ఆ ముసలామె ఆ నెలలో ముప్పై వాకిళ్లు తొక్కి ఉంటుంది. మిగతా ఇరవై తొమ్మిది ఇళ్లలో ఏమీ కాలేదు కదా అనేవాడు ఆ రాత్రి ఆ చెట్టు దగ్గర ఉండడు. ఉన్నా నోరు విప్పడు. పరిశోధకులు కంట్రోల్ గ్రూప్ అని గొప్పగా చెప్పేది ఈ ఇరవై తొమ్మిది ఇళ్ల గురించే. వాటి తలుపు కొట్టి అడగడం పెద్ద శాస్త్రమేమీ కాదు, కాస్త ఓపిక, అంతకంటే కాస్త ధైర్యం కావాలంతే.

చదువుకున్నవాళ్లం కదా, మనం అలా చేయమనుకుంటాం. మన ఊళ్లలో హోర్డింగులు చూడండి. ఫలితాలొచ్చిన మర్నాడు ఫ్లైఓవర్ పొడవునా పిల్లల ఫొటోలు, వాటి కింద ర్యాంకులు. ఆ ర్యాంకు కాలేజీ వల్ల వచ్చిందా, ర్యాంకు వచ్చే పిల్లల్నే ఆ కాలేజీ ఏరి తెచ్చుకుందా? పదో తరగతిలో మొదటి వరసలో ఉన్నవాళ్లకు ఫీజు మాఫీ చేసి, పరీక్ష పెట్టి వడపోసి, విడి సెక్షన్‌లో కూర్చోబెడతారని ప్రతి తండ్రికీ తెలుసు. హోర్డింగు మీద లేని పిల్లలెందరో, వాళ్లకేమొచ్చిందో కాలేజీ చెప్పదు, మనం అడగం. అడగకుండానే రెండెకరాలు అమ్మి ఫీజు కడతాం. ఏడాది తిరిగాక ర్యాంకు రాలేదని వాణ్ని చూసి మొహం తిప్పుకుంటాం. లెక్కలో తప్పు మనది, శిక్ష పదిహేడేళ్ల పిల్లవాడికి.

రెండు విషయాలు చెట్టపట్టాలేసుకుని కనిపిస్తే ఒకటి ఇంకోదాన్ని పుట్టించిందని కాదు. రెండింటినీ వెనక నుంచి నడిపిస్తున్న మూడోది ఉండొచ్చు. మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. బురదగుంటలున్నచోట కంపు, కంపున్నచోట చలిజ్వరం. వందల ఏళ్లు రెండూ కలిసే కనిపించాయి కాబట్టి గాలినే తిట్టారు. ఆ గుంటలోనే పుట్టి పెరిగే దోమ మీద ఎవరి చూపూ నిలవలేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్, రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమ పొట్టగోడలో ఆ పరాన్నజీవిని మైక్రోస్కోపు కింద చూశాడు. ఆ ఒక్క చూపుతోనూ పని తీరలేదు. మరుసటి ఏడాది కలకత్తాలో, జబ్బు పక్షి నుంచి దోమకూ దోమ నుంచి ఆరోగ్యంగా ఉన్న పక్షికీ మలేరియా చేరే దారంతా చూపించాకే ‘తోపాటు’ కాస్తా ‘వల్ల’ అయింది. బేగంపేట వైపు వెళ్లేవాళ్లలో రాస్ పనిచేసిన ఆ పాత భవనం సంగతి ఎందరికి తెలుసో!

మూడోది ఒక్కోసారి దోమలా కంటికి కనిపించేదీ కాదు. అమెరికాలో ముట్లుడిగిన ఆడవాళ్లకు హార్మోన్ మాత్రలిస్తే గుండెజబ్బు తగ్గుతుందని 1980, 90లలో డాక్టర్లు గట్టిగా నమ్మారు. ఊరికే నమ్మలేదు. వేలమంది నర్సుల్ని ఏళ్ల తరబడి గమనిస్తే, మాత్రలు వేసుకున్నవాళ్లకు గుండెపోట్లు తక్కువగానే కనిపించాయి. కానీ ఆ మాత్రలు వేసుకున్నదెవరు? ఎక్కువగా చదువుకున్నవాళ్లు, చేతిలో డబ్బాడేవాళ్లు, క్రమం తప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు. మాత్ర గుండెను కాపాడిందా, గుండెను కాపాడుకునే తీరికా స్తోమతా ఉన్నవాళ్లే మాత్ర వేసుకున్నారా? తేల్చడానికి 16,608 మందిని తీసుకుని, అసలు మాత్ర ఎవరికో ఉత్తుత్తి మాత్ర ఎవరికో చీటీలు తీసినట్టు పంచారు. చీటీకి చదువూ డబ్బూ తెలియవు. దాని బలమంతా అదే. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి తీసుకున్నవాళ్లలో గుండెజబ్బు తగ్గకపోగా పెరిగింది. రొమ్ము క్యాన్సరూ పక్షవాతమూ పెరిగాయి. 2002లో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అప్పటికే ఎన్ని లక్షల మంది ఆ మాత్రలు మింగారో! డాక్టర్లెవరూ అబద్ధం చెప్పలేదు. తొందరపడ్డారు, అంతే.

ఇక మన ఇంటి కథ. నాకు అన్నిటికంటే బరువుగా తోచేది ఇదే.

2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, తర్వాత గుజరాత్‌లోని వడోదరలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. ఒక్క ఖమ్మంలోనే దాదాపు 14 వేల మందికి వేశారు. వాళ్లలో ఎందరో గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. టీకా వేయించుకున్నవాళ్లలో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది.

టీకా వల్లే పోయారని కొందరన్నారు. టీకాకీ చావుకీ సంబంధమే లేదు, ఇదంతా గోల అని కొందరు కొట్టిపారేశారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఒక్కో చావునూ విప్పి చూస్తే ఒక పిల్ల నీళ్లలో మునిగింది, ఒకరికి పాముకాటు, ఇంకోచోట పురుగుమందు, మరోచోట మలేరియా. టీకాకు అంటగట్టడానికి ఆధారం దొరకలేదు. ఆ తర్వాత ప్రపంచమంతటా కోట్ల డోసులు వేశారు, అలాంటి రుజువేదీ తేలలేదు. కాబట్టి ‘టీకా వల్లే’ అన్నవాళ్లది తప్పు. పూర్తిగా తప్పు.

మరి ‘గోల’ అన్నవాళ్లది ఒప్పా? సంబంధం లేదని గుండె మీద చేయి వేసుకుని చెప్పాలంటే ఒక లెక్క చేతిలో ఉండాలి. ఆ వయసు పిల్లలు ఆ ఏజెన్సీ ఊళ్లలో టీకా లేకుండా మామూలుగా ఏడాదికి ఎందరు పోతున్నారు? ఆ అంకె పక్కన పెట్టి చూస్తే తప్ప, ఏడు ఎక్కువో తక్కువో మామూలో ఎవరూ చెప్పలేరు. ఆ పిల్లలు నూతిలో పడి, పాము కరిచి, జ్వరమొచ్చి పోతూనే ఉన్నారు. టీకా రాకముందు ఆ చావుల్ని లెక్కపెట్టాలని పట్నంలో ఎవరికీ తోచలేదు. టీకా వచ్చాకే కెమెరాలొచ్చాయి. ఇది రీసెర్చ్ డిజైన్‌లో లోపమా, మన మనసులో లోపమా అని నన్నడిగితే రెండూ ఒకటేనంటాను. ఎవరి చావు మనకు లెక్కలోకి రాదో, వాళ్ల విషయంలో మనకు పోలికకు అంకె దొరకదు.

ఇంకో సంగతి. అంగీకార పత్రాల మీద చాలాచోట్ల తల్లిదండ్రుల సంతకాలు లేవు. హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు పెట్టారు. దుష్ఫలితాలు కనిపెట్టే ఏర్పాటూ అంతంతమాత్రమే. విచారణ సంఘమూ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘమూ ఈ లోపాల్ని ఎత్తిచూపాయి. తమను అడక్కుండా బిడ్డ చేతికి సూది గుచ్చిన తర్వాత ఆ బిడ్డ పోతే, ఏ తండ్రయినా ‘వల్ల’ అనే అంటాడు. అది లెక్కలు రాక అన్న మాట కాదు, నమ్మకం తెగి అన్న మాట. అది తెగాక నిజమైన లెక్క తెచ్చి ముందు పెట్టినా చెవికెక్కదు. మంచి టీకా ఒకటి ఆ తర్వాత ఏళ్ల తరబడి మన ఆడపిల్లల దాకా రావడానికి తడబడిందంటే, అందులో ఆ తొందరపాటు వాటా ఎంతో మనమే ఆలోచించుకోవాలి.

ఇప్పటిదాకా చదివినవారు ‘సహసంబంధం కారణం కాదు’ అనే ముక్క బట్టీపడితే చాలనుకోవచ్చు. అలా అనుకుంటే ఇంకో గోతిలో పడతాం. 1950లో డాల్, హిల్ అనే ఇద్దరు లండన్ ఆసుపత్రుల్లో రోగులను విచారించి, పొగతాగేవాళ్లలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ అంతగా ఎందుకుందని అడిగారు. సిగరెట్ కంపెనీలు దశాబ్దాల పాటు చెప్పిన జవాబు సరిగ్గా ఈ ముక్కే: ఇవి అంకెలే, రుజువు కాదు. చీటీ తీసి పంచే పద్ధతిని శాస్త్రంగా నిలబెట్టిన ఫిషర్ మహాశయుడే, పొగతాగే గుణాన్నీ క్యాన్సర్‌నూ పుట్టుకతో వచ్చే ఇంకేదో కలిపి తెస్తుండొచ్చని వాదించాడు. ఆయన పైపు తాగేవాడు, పొగాకు కంపెనీలకు సలహాదారుగా కూడా ఉన్నాడు. ఎంత గొప్ప బుర్రయినా, ఎవరి తిండి తింటే వాళ్ల పాట పాడుతుందేమో! నిజానికి ఆ అనుమానం అడగదగినదే. అడిగి, జవాబు వచ్చాక కూడా వినకపోవడం తప్పు.

శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్లున్నారు. అడ్డపొగ అంటారు. అంగిలి మీద క్యాన్సర్ లోకంలో మరెక్కడైనా అరుదు, ఆ ఆడవాళ్లలో మాత్రం తరచూ కనిపించేది. విశాఖ వైద్యులు దాన్ని దశాబ్దాల కిందటే రాసిపెట్టారు. సగం మందికి చీటీ తీసి ‘మీరు పదేళ్లు అడ్డపొగ తాగండి’ అని ఎవరం చెప్పగలం? చెప్పలేనిచోట ఏం చూడాలో 1965లో ఆ హిలే వివరించాడు. సంబంధం ఎంత గట్టిది, వేరే ఊళ్లో వేరేవాళ్లు చూసినా కనిపిస్తోందా, కారణమనుకుంటున్నది ముందొచ్చిందా, మోతాదు పెరిగితే జబ్బూ పెరుగుతోందా. ఇంకా కొన్ని ఉన్నాయి, అన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. పూర్తిగా తేలలేదన్న సాకుతో చేయవలసిన పనిని వాయిదా వేయడానికి వీల్లేదని కూడా ఆయనే చెప్పాడు. ఆ చివరి మాటను కంపెనీలు ఎప్పుడూ ఎత్తవు.

అదే శ్రీకాకుళంలో ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరితోటలు, జీడితోటలు, సముద్రపు గాలి. చూస్తే కోనసీమకు చెల్లెలనిపిస్తుంది. 2019లో అచ్చయిన ఒక అధ్యయనంలో పరీక్ష చేసినవాళ్లలో దాదాపు 18 శాతం మందికి కిడ్నీ జబ్బు తేలింది. చాలామందిలో షుగర్, బీపీ లాంటి మామూలు కారణాలేవీ లేవు. ఎందుకొస్తోందో ఈనాటికీ తేలలేదు. భూగర్భజలంలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లొంచి పనిచేసి నీళ్లు తాగకపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. ప్రతిదానికీ ఒక సర్వే ఉంది, ఒక శీర్షిక ఉంది.

నొప్పి మాత్రల సంగతే తీసుకోండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు నొప్పి మాత్రలు ఎక్కువ వాడారని లెక్క తేలింది అనుకుందాం. మాత్ర వేసుకుంటే కిడ్నీ పాడైందా, కిడ్నీ పాడై ఒళ్లునొప్పులొస్తే మాత్ర వేసుకున్నారా? ఒకేరోజు వెళ్లి రక్తం తీసి, అదేరోజు ప్రశ్నలడిగి వచ్చే సర్వే ఈ ముడి విప్పలేదు. ఇవాళ బావి నీళ్లు పరీక్షిస్తాం, కిడ్నీ పాడవడం పదేళ్ల కిందట మొదలై ఉంటుంది. ఆ పదేళ్ల కిందటి నీళ్లు ఎవరి సీసాలో ఉన్నాయి? ఇంకా జబ్బు లేని పిల్లల్ని, పడుచువాళ్లని ఇప్పటి నుంచి ఏళ్ల తరబడి వెంబడించి చూడాలి. అది ఖర్చుతో, ఓపికతో కూడిన పని. ఎన్నికలకూ ఎన్నికలకూ మధ్య ఇమడదు.

అలాగని తేలేదాకా చేతులు ముడుచుకోమని కాదు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు ఆ క్రిమి సంగతి వైద్యులకు తెలియదు. జాన్ స్నో ఇంటింటి చావులూ లెక్కపెట్టాడు. ఒకే వీధిలో, ఒకేలాంటి ఇళ్లకు రెండు కంపెనీల కుళాయిలుండేవి. మురుగు కలిసే చోట థేమ్స్ నీళ్లు తోడే కంపెనీ ఇళ్లలో ప్రతి పదివేల ఇళ్లకు 315 చావులు, ఎగువ నుంచి తెచ్చే కంపెనీ ఇళ్లలో 37. ఊరే తీసిపెట్టిన చీటీ అది. క్రిమి పేరు తెలియకుండానే నీళ్లు మార్చాలని చెప్పగలిగాడు. వంశధార నీళ్లను హిరమండలం నుంచి పైపుల్లో ఉద్దానానికి 2023లో తెచ్చారు. మంచి పని. కారణం నీళ్లు కాకపోయినా మంచి నీళ్లు తాగిన మనిషికి నష్టం లేదు. అయితే ఏ ఊరికి ఆ నీళ్లు ఏ నెలలో అందాయి, అందిన ఊళ్లలోనూ ఆలస్యమైన ఊళ్లలోనూ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ జనంలో ఏడాదికేడాది ఎలా మారుతోంది, ఇది ఎవరైనా పుస్తకంలో రాస్తున్నారా? రాయకపోతే ఇంకో పదేళ్లకు మళ్లీ మనం అరుగుల మీద కూర్చుని ఊహాగానాలే చేస్తాం. నీళ్లివ్వండి అని అడిగినంత గట్టిగా, లెక్క రాయండి అని కూడా అడగాలి మనం. ఈలోగా ‘ఉద్దానం సంబంధమా’ అని పెళ్లిచూపుల్లో ముఖం చిట్లించేవాళ్లు, అది అంటువ్యాధని ఎవరు చెప్పారో ఒక్కసారి చెప్పాలి.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మిత్రులారా, మీతో ఒక మాట. గూగుల్ ఫారంలో తెలిసిన రెండు వందల మంది చేత టిక్కులు పెట్టించి, పి-వాల్యూ 0.05 కంటే తగ్గగానే ‘ఫలానాపై ఫలానా ప్రభావం’ అని సిద్ధాంత గ్రంథానికి పేరు పెట్టేస్తున్నారు. ఆ ‘ప్రభావం’ ఎక్కడి నుంచి వచ్చింది? మీ దగ్గరున్నది ‘తోపాటు’ మాత్రమే. గైడ్ గారు ఎర్ర సిరాతో కొట్టేయాల్సిన మొదటి మాట అది. డెస్కు మీద కూర్చున్న జర్నలిస్టు మిత్రులారా, ‘అధ్యయనంలో తేలింది’ అని శీర్షిక పెట్టేముందు ఎవరితో పోల్చారో, డబ్బెవరిచ్చారో రెండో పేరాలోనైనా రాయండి. మిగతా మనమందరం, కుటుంబం గ్రూపులో ‘అది తిన్నాడు, పోయాడు’ అన్నది వచ్చినప్పుడు, తిని బతికున్న ఇరవై తొమ్మిది మంది గురించి ఒక్క నిమిషం అడుగుదాం. పెద్దాయన నొచ్చుకుంటాడేమో, నొచ్చుకోనివ్వండి.

ఆ మర్నాడు నేను వెళ్లేసరికి ఆ తల్లి వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు పక్కన పెట్టింది. నిన్న సరిగ్గా రాసుకోలేదమ్మా, మళ్లీ చెప్పమన్నాను. ఈసారి తొందరపెట్టలేదు.

“సుక్కలకు ముందుగాల్నే రెండొద్దులాయె సారూ, వాంతులైతుండె. పాలు తాగకపోతుండె. చెప్తే సుక్కలెయ్యరేమోనని నేనే చెప్పలె.” కాసేపు ఆగింది. “జరం పెరిగినంక దవాఖానకు పోదామంటే బస్సు పొద్దుగాల్నే ఒక్కటి. అది పోయింది. మా ఆయన ఎడ్లబండి కోసం తిరిగిండు. దొరికేవరకు రాత్రయింది.”

రాసుకున్నదంతా ఆమెకు చదివి వినిపించాను. ‘వాంతులు, డీహైడ్రేషన్, జ్వరం’ అని గడి నిండిపోయింది. ఆమె విని, ఫారం వైపు వేలు చూపించింది.

“మరి బస్సు సంగతి రాసినవా?”

గడిలో చోటు లేదు. ఫారం వెనక్కి తిప్పాను.